వలస కూలీల బస్తీలో సంఘం కట్టడం ఎలా: కూలీ పోకుండా, పెత్తనం పుట్టకుండా

హైదరాబాద్‌లో గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, పుప్పాలగూడ వైపు అద్దాల మేడల వెనక సందుల్లోకి వెళ్తే నీలం పరదాలు కప్పిన గుడిసెలు కనిపిస్తాయి. ఒక గల్లీలో పాలమూరు, నారాయణపేట వాళ్లు, పక్క గల్లీలో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు, ఆ వెనక నాందేడ్, రాయచూర్, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. చాలాచోట్ల ఆ భూమి ప్రైవేటుది. గుడిసెకింతని నెలనెలా జాగ కిరాయి కట్టాలి. మేడలు కట్టేది వీళ్లే. వీళ్లు ఉండే చోట మాత్రం నీళ్లు, దీపం, మరుగుదొడ్డి, బడి అన్నీ అడిగి తెచ్చుకోవలసినవే.

ఇలాంటి బస్తీలో నలుగురినీ కూడగట్టాలనుకునేవాళ్ల కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. మీరు అక్కడే పెరిగి ఇంటర్ చదివిన అమ్మాయి కావచ్చు, అంగన్‌వాడీ టీచర్ కావచ్చు, రిటైరైన మాస్టారు కావచ్చు. "వీళ్లలో ఐకమత్యం లేదండీ" అని బయటివాళ్లు తరచూ అంటారు. నేను ఒప్పుకోను. చావుకైనా పెళ్లికైనా ఆ గల్లీలు కదిలినట్టు అపార్ట్‌మెంట్లు కదలవు. వాళ్లకు లేనిది సమయం. ఆఫీసుకు ఒక్కసారి వెళ్లిరావడమంటే ఆ రోజు కూలీ పోయినట్టే. "సారు లేడు, రేపు రా" అన్నారంటే ఇంకో కూలీ పోతుంది. అందుకే చివరికి ఎవరో ఒక మధ్యవర్తి చేతిలో డబ్బులు పెట్టి పని చేయించుకుంటారు. ఆ మధ్యవర్తే క్రమంగా బస్తీ పెద్ద అవుతాడు. కాబట్టి మీరు ఏ పద్ధతి పెట్టినా రెండు ప్రశ్నలు వేసుకోండి. దీనివల్ల ఎవరి కూలీ పోతుంది? దీనివల్ల ఎవరి చేతిలో పెత్తనం చేరుతుంది?

1. అడుగుపెట్టే ముందు

ముందు ఆ నేల ఎవరిదో తెలుసుకోండి. ప్రభుత్వ భూమా, ప్రైవేటు పట్టానా, నాలా పక్కదా, బిల్డర్ వేసిన లేబర్ క్యాంపా అన్నదాన్ని బట్టి ఏం అడగవచ్చో, ఏది అడిగినా రాదో తేలుతుంది. ప్రైవేటు జాగాలో శాశ్వత నల్లా కనెక్షన్ అడిగితే పని ముందుకు సాగడం కష్టం. ట్యాంకర్ కోసం, చెత్త ఆటో కోసం, బయటి రోడ్డు మీద లైటు కోసం అడగవచ్చు. బస్తీ నగరపాలక సంస్థ ఏ వార్డులోకి, ఏ సర్కిల్‌లోకి వస్తుందో కూడా చూసుకోండి. హద్దులు మారుతుంటాయి కాబట్టి సర్కిల్ ఆఫీసులోనే అడిగి రాసుకోండి.

అక్కడే ఇంకొకటి అడగండి. హైదరాబాద్‌లో బస్తీ పని కొత్తది కాదు. 1967లోనే నగరపాలక సంస్థ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అని ఒక విభాగం మొదలుపెట్టింది. యూసీడీ అంటే ఇప్పటికీ ఆఫీసులో అందరికీ తెలుసు. అందులో కమ్యూనిటీ ఆర్గనైజర్లు అనే ఉద్యోగులు ఉంటారు. మహిళా పొదుపు సంఘాలను చూసేది వాళ్లే. మీ వార్డుకు ఎవరో కనుక్కుని ఫోన్ నంబర్ తీసుకోండి.

బస్తీలోకి ఎవరి వెంట వెళ్తున్నారన్నది చాలా ముఖ్యం. కూలీలను తెచ్చి పనిలో పెట్టే మేస్త్రీ వెంట వెళ్తే మేస్త్రీ మనిషనుకుంటారు, కార్పొరేటర్ అనుచరుడి వెంట వెళ్తే పార్టీ మనిషనుకుంటారు. ఆశా కార్యకర్తతోనో, అంగన్‌వాడీ ఆయాతోనో వెళ్లడం మేలు. వాళ్లకు ప్రతి గుడిసెలో పసిపిల్లలు తెలుసు. అలాగని మేస్త్రీకి కనపడకుండా తిరగకండి. మొదటి వారంలోనే ఆయన్ను కలిసి మీ పేరు, ఊరు, వచ్చిన పని చెప్పండి. ఆయన అనుమతి అడగనక్కర్లేదు, ఆయనకు తెలిస్తే చాలు.

2. వినడం

ఈ అడుగుకు కనీసం నెల రోజులు ఇవ్వండి. తొందరపడి మీటింగ్ పెడితే ఎప్పుడూ మాట్లాడే నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపి వెళ్లిపోతారు.

పొద్దున ఏడింటికల్లా కూలి పని కోసం నిలబడే అడ్డా మీదికి వెళ్లేవాళ్లను పగలు కలవలేరు. సాయంత్రం ఏడింటికి వస్తారు, ఆడవాళ్లు వెంటనే పొయ్యి దగ్గర కూర్చుంటారు. వంట అవుతున్నప్పుడు ఆ పొయ్యి పక్కనే కూర్చుని మాట్లాడవచ్చు, పని ఆగదు. ఆదివారం అందరికీ సెలవుండదు. మేస్త్రీలు చాలామంది అమావాస్యనాడు పని పెట్టుకోరు. ఆ రోజు బస్తీలో మగవాళ్లు కూడా దొరుకుతారు. క్యాలెండర్‌లో అమావాస్యలు గుర్తుపెట్టుకోండి.

"మీ సమస్యలేంటి?" అని అడగకండి. ఆ మాట వాళ్లు సర్వేలకు వచ్చినవాళ్ల నోట ఎన్నోసార్లు విన్నారు. జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది: "ఇల్లు కావాలె సార్." దానికి బదులు నిన్నటి రోజు గురించి అడగండి. "అక్కా, నిన్న నీళ్లు యాడికెళ్లి తెచ్చుకున్నరు? ఎంతసేపు పట్టింది?" "పాపను ఎవరి దగ్గర పెట్టి పనికి పోయినవ్?" "పోయిన నెల జ్వరమొస్తే యే దవాఖానకు పోయిండ్రు, ఎంతయింది?" ఇలా అడిగితే లెక్కలు బయటికొస్తాయి. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియక ఒక మనిషి పని మానుకుని ఇంట్లో ఉంటోందని, రేషన్ కార్డు ఊళ్లో ఉన్నందున బియ్యం బయట కొంటున్నారని, ఒక దుకాణంలోనే బస్తీ అంతా అప్పుంటుందని అప్పుడు తెలుస్తుంది.

వింటున్నప్పుడు ఇంకొక్క ప్రశ్న మరచిపోవద్దు: "మీ గల్లీలో ఎవరికైనా కష్టమొస్తే ముందు ఎవరి దగ్గరికి పోతరు?" ఒకే పేరు నాలుగు గుడిసెల్లో వినిపిస్తే ఆమే మీకు కావలసిన మనిషి. సాధారణంగా ఆమె మీటింగుల్లో ముందు కూర్చునే మనిషి కాదు. రాత్రి కాన్పు నొప్పులొస్తే ఆటో పిలిచేది, ఇద్దరు కొట్లాడుకుంటే మధ్యలో నిలబడేది ఆమె. నాయకత్వం అప్పటికే అక్కడ ఉంది, దాన్ని గుర్తుపట్టడం మీ పని.

3. మన లెక్క మనమే రాసుకోవడం

ప్రభుత్వ లెక్కలో లేని మనిషి అక్కడ లేనట్టే. బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కథ ఇందుకు సాక్ష్యం. 1976లో అక్కడ మురికివాడల గణన జరిగినప్పుడు ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్లలో చాలామందిని అందులో చేర్చలేదు. 1985లో స్పార్క్ అనే సంస్థ అక్కడి మహిళలతో కలిసి గుడిసె గుడిసెకూ తిరిగి లెక్క తీసింది. ఆ మహిళలే తర్వాత మహిళా మిలన్ అనే సంఘంగా ఏర్పడ్డారు. అదే 1985 జులైలో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. బతుకుతెరువు హక్కు కూడా జీవించే హక్కులో భాగమేనని, ఖాళీ చేయించే ముందు నోటీసు ఇచ్చి వాళ్ల మాట వినాలని చెప్పింది. ఇది అందరూ చెప్పుకునే భాగం. తక్కువగా చెప్పుకునేది ఇంకొకటుంది: కోర్టు ఆ గుడిసెలను అక్కడే ఉండనివ్వలేదు. 1976 గణనలో లెక్కకెక్కి కార్డు ఉన్నవాళ్లకు మాత్రం వేరే స్థలం చూపాలంది. ఒక కాగితం ఉండటం, లేకపోవడం మధ్య తేడా అంత.

మీ బస్తీ లెక్క ఒక పొడుగు నోట్‌బుక్‌లో చాలు. గుడిసె నంబర్ మీరే వేయండి. ఇంట్లో ఎంతమంది, పిల్లల వయసులు, ఏ జిల్లా ఏ మండలం, ఎన్నేళ్లుగా ఇక్కడ, ఏం పని, రేషన్ కార్డు ఏ ఊళ్లో ఉంది, పిల్లలు బడికి వెళ్తున్నారా, ఓటు ఎక్కడుంది, ఇంతే రాయండి. ఆధార్ ఉందో లేదో రాయండి, నంబర్ మాత్రం రాయకండి. కాపీలు తీసుకోకండి, పేజీని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆ పుస్తకం తప్పుడు చేతుల్లో పడితే ఈ కుటుంబాలకే ముప్పు. గల్లీల నుంచి ఎంచుకున్న ఇద్దరు మహిళల దగ్గరే అది ఉండాలి, మీ దగ్గర కాదు. రాయడం కూడా బస్తీలో చదువుకునే పిల్లల చేతే చేయించండి. ఎనిమిదో తరగతి అమ్మాయి పక్కింటి అవ్వ వయసు అడిగి రాసుకుంటుంటే ఆ గల్లీ అంతా చుట్టూ చేరుతుంది. మీరు అనుకున్న మొదటి మీటింగ్ అక్కడే జరిగిపోతుంది.

4. మొదటి పని ఎంచుకోవడం

వినగా, రాయగా పది సమస్యలు తేలతాయి. వాటిలో ఒక్కటే తీసుకోండి. అది సగం కంటే ఎక్కువ గుడిసెలకు తగలాలి, ఒకే ఆఫీసు చేతిలో తేలేదై ఉండాలి, రెండు నెలల్లో ఫలితం కనబడాలి, ఒక ఊరివాళ్లకు లాభమై ఇంకో ఊరివాళ్లకు నష్టం కాకూడదు.

ఇళ్ల పట్టా, ప్రభుత్వ ఇల్లు మొదటి పనిగా పెట్టుకోవద్దని గట్టిగా చెప్తాను. వాటికి ఏళ్లు పడతాయి. పైగా ఆ పేరు చెప్పగానే దరఖాస్తుకింతని వసూలు చేసేవాళ్లు దిగుతారు, సంఘం పుట్టకముందే నమ్మకం పోతుంది.

నా అభిప్రాయంలో మొదటి పనికి మూడు మంచివి. ఒకటి ట్యాంకర్‌కు కచ్చితమైన వేళ. నగరానికి నీళ్లిచ్చే జలమండలి నంబర్ 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోవడంతో ఇది మొదలవుతుంది. వేళ తెలిస్తే ఆ నీటి కోసం ఇంట్లో ఆగిపోయిన మనిషి పనికి వెళ్తుంది, లాభం మర్నాటి నుంచే కనిపిస్తుంది.

రెండోది రేషన్. 2013 ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డు ఏ రాష్ట్రానిదైనా, 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పద్ధతిలో ఇక్కడి డీలర్ దగ్గర వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. కుటుంబం సగం ఊళ్లో, సగం ఇక్కడ ఉంటే కోటా కూడా ఇక్కడ కొంత, అక్కడ కొంత తీసుకునే వీలుంది. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులకు మాత్రం రాష్ట్రం దాటితే ఇది వర్తించదు. కార్డుకు ఆధార్ జతపడని పేర్లకు కూడా రాదు. నోట్‌బుక్ చూసి ఎవరెవరికి వర్తిస్తుందో జాబితా వేయండి. నెల మొదట్లో ఐదారుగురిని కలిపి ఒకేసారి డీలర్ దగ్గరికి పంపండి. ఒక్కరు వెళ్తే "ఈ కార్డు ఈడ నడవదు" అని తిప్పి పంపడం తేలిక, ఆరుగురు చేతిలో కార్డులతో నిలబడితే అంత తేలిక కాదు.

మూడోది బడి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు టీసీ రాలేదనో, పుట్టినతేదీ కాగితం లేదనో, సంవత్సరం మధ్యలో వచ్చారనో ప్రవేశం నిరాకరించకూడదు. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. హెడ్‌మాస్టర్‌కు ఈ మాట మర్యాదగా, రాతపూర్వకంగా చెప్తే చాలావరకు పని అవుతుంది.

5. జట్టు, సమావేశం

గల్లీకి ఇద్దరు చొప్పున ఎంచుకోండి, వాళ్లలో ఒకరు తప్పకుండా మహిళ. ప్రతి భాషకూ ఒకరుండాలి. ఒడియా, మరాఠీ, హిందీ మాట్లాడే కుటుంబాలను "వాళ్లకు తర్వాత చెప్దాం" అని పక్కన పెడితే ఆ గల్లీ ఇక మీతో రాదు. అధ్యక్షుడు, కార్యదర్శి అన్న పదవులు మొదటి ఏడాది పెట్టకపోవడమే మంచిది. పనులు పంచండి: పుస్తకం ఒకరు, డబ్బులు ఒకరు, ఫోన్లు ఒకరు, ఆఫీసు పని ఇద్దరు. ఆరు నెలలకొకసారి పనులు మారాలి.

సమావేశం వేళ ఆడవాళ్లను అడిగి పెట్టండి. ముప్పావు గంట మించొద్దు, తెల్లారి ఐదింటికి లేవాలి వాళ్లు. అందరూ కిందే కూర్చోవాలి, అతిథులకు కుర్చీలు వేయకండి. ముందు పోయినసారి ఒప్పుకున్న పనులు ఏమయ్యాయో చెప్పాలి, తర్వాత ఈరోజు విషయం, చివర ఎవరు, ఏం, ఎప్పటికి అన్న మూడూ గట్టిగా చదివి వినిపించాలి. ఎవరైనా ఎక్కువసేపు మాట్లాడుతుంటే "అన్నా, నీ మాట రాసుకున్నం. ఇంగ లక్ష్మక్క గల్లీ నుంచి ఎవరన్న చెప్పుండ్రి" అని దారి మళ్లించాలి. ఈ పని చేయడం మీరు కాకుండా బస్తీవాళ్లే నేర్చుకోవాలి. మూడో సమావేశం నుంచి మీరు వెనక వరుసలో కూర్చోండి.

6. ఆఫీసుకు వెళ్లడం

కూలీ పోయేది ఇక్కడే కాబట్టి ఈ అడుగును జాగ్రత్తగా అమర్చుకోండి. గుంపుగా పది మంది వెళ్లడం మొదటిసారి అవసరం లేదు. ఇద్దరు చాలు, ఒకరు అంతకుముందు వెళ్లినవాళ్లు, ఒకరు కొత్తవాళ్లు. ఆ రోజు వాళ్లు పోగొట్టుకున్న కూలీలో సగమైనా సంఘం చందా నుంచి ఇవ్వండి. ఇది దుబారా అని కొందరంటారు. కాదు. అలా ఇవ్వకపోతే ఆఫీసుకు వెళ్లగలిగేది తీరిక ఉన్నవాడొక్కడే, కొన్నాళ్లకు వాడే మధ్యవర్తి అవుతాడు.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఇలా రాయవచ్చు:

"గౌరవనీయులైన జలమండలి మేనేజర్ గారికి. ఫలానా సర్కిల్, ఫలానా వార్డులోని మా బస్తీలో 140 కుటుంబాలు ఉన్నాయి. వాటిలో ఐదేళ్లలోపు పిల్లలు 62 మంది. నీటి ట్యాంకర్ వారంలో ఏ రోజు, ఏ వేళకు వస్తుందో తెలియక కుటుంబానికొకరు పని మానుకోవలసి వస్తోంది. మా విన్నపం: రోజు విడిచి రోజు సాయంత్రం 6 నుంచి 8 గంటల మధ్య ట్యాంకర్ పంపగలరు. ఫోన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నంబర్లు, తేదీలు కింద రాశాం. కుటుంబాల సంతకాలు జతచేశాం."

పై అంకెలు నమూనా కోసం వేసినవి, మీ నోట్‌బుక్‌లోవి వేసుకోండి. విన్నపం ఒక్కటే ఉండాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద అర్జీ అందినట్టు ఇన్‌వర్డ్ నంబర్, తేదీ, ముద్ర వేయించుకోనిదే తిరిగి రావొద్దు. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టే కాదు.

రెండు వారాలు చూడండి. కదలకపోతే పై అధికారికి అదే అర్జీ, పాత ఇన్‌వర్డ్ నంబర్‌తో ఇవ్వండి. ఆ తర్వాత, సోమవారం అధికారులు నేరుగా అర్జీలు తీసుకునే ప్రజావాణి. ఈసారి ఎక్కువమంది వెళ్లడం మంచిది, వీలైతే అమావాస్య సోమవారం కలిసొచ్చేలా చూసుకోండి. అప్పటికీ కాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. అందులో "ఎందుకు చేయలేదు?" అని అడగకండి, దానికి జవాబు రాదు. "ఫలానా నంబర్ అర్జీ ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్లింది, దానిపై రాసిన నోట్ల నకలు ఇవ్వండి" అని అడగండి. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు చేసుకోవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు ఫీజు లేదు, ఆ రుజువు జతచేస్తే చాలు. ఫైలు ఎవరి బల్ల మీద ఉందో అడిగిన చాలాసార్లు సమాధానం కంటే ముందే పని కదులుతుంది.

పని అయిన రోజు ఆ అధికారికి థాంక్స్ చెప్పడానికి కూడా ఇద్దరిని పంపండి. తిట్టడానికి వచ్చేవాళ్లే తప్ప మెచ్చుకోవడానికి వచ్చేవాళ్లు వాళ్లకు తక్కువ. రెండో పనికి ఇది అక్కరకొస్తుంది.

7. మేస్త్రీ, భూమి యజమాని, పార్టీలు

నీళ్ల విషయంలో అందరూ మీతోనే ఉంటారు. కూలీ బాకీ, అడ్వాన్సు మాట వచ్చినప్పుడే బెదిరింపులు మొదలవుతాయి. కూలీ గొడవలను మొదటి ఆరు నెలలు బస్తీ సమావేశంలో చర్చకు పెట్టకండి, బాధపడ్డ కుటుంబంతో విడిగా మాట్లాడి కార్మిక శాఖ దగ్గరికి తీసుకెళ్లండి. తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వడం లేదంటే అది మామూలు బాకీ కాదు, 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి రావచ్చు. ఆ ఫిర్యాదు కలెక్టర్‌కో, ఆర్డీవోకో ఇవ్వాలి, ఒంటరిగా వెళ్లవద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయవచ్చు. ఖాళీ చేయమన్న మాట వచ్చిన రోజు కూడా మొదటి ఫోన్ అక్కడికే.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించడం మాత్రం మొదటి నెల నుంచే చేయండి. 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసినవాళ్లు అర్హులు. ప్రమాదం జరిగాక నమోదు చేయించలేం.

పార్టీలను పిలిస్తే అన్నిటినీ పిలవండి, లేదంటే ఏ ఒక్కదాన్నీ పిలవకండి. ఓటు సంగతి సున్నితమైనది. ఒక మనిషికి ఓటు ఒక్క చోటే ఉండాలి. ఇక్కడ నమోదైతే ఊళ్లో తీసేయించుకోవాలి. ఊళ్లో అరెకరం పొలం, సర్పంచ్ ఎన్నిక, అన్నదమ్ముల పంపకం ఉన్నవాళ్లకు ఆ ఓటు వదులుకోవడం చిన్న విషయం కాదు. ఇక్కడ ఓటుంటేనే కార్పొరేటర్ చూస్తాడన్నదీ నిజమే. రెండు వైపులా చెప్పండి, నిర్ణయం ఆ కుటుంబానికి వదిలేయండి. పదేళ్లుగా ఇక్కడే ఉండి, పిల్లలు ఇక్కడే చదువుతున్నవాళ్లు ఇక్కడికి మార్చుకోవడం మేలని నేను అంటాను.

8. డబ్బు

చందా తక్కువగా, అందరికీ ఒకేలా ఉండాలి. ఖర్చు లెక్క ప్రతి సమావేశంలో చదవాలి, పొల్లు పోకుండా, పైసలతో సహా. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు 2001 చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు చాలు, కానీ బ్యాంకు ఖాతా అవసరమయ్యేదాకా ఆగండి. అర్జీ ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

9. ఊరికి వెళ్లే కాలం

తొలకరికి, దసరాకు, సంక్రాంతికి బస్తీ సగం ఖాళీ అవుతుంది. ఒడిశా, బీహార్ వాళ్లు వాళ్ల పండుగలకు, కోతలకు వెళ్తారు. చాలా సంఘాలు ఆగిపోయేది ఈ విరామంలోనే. దీన్ని ముందే లెక్కలో వేసుకోండి. ప్రతి పనికీ ఇద్దరిని పెట్టేటప్పుడు ఆ ఇద్దరూ ఒకే ఊరివాళ్లు కాకుండా చూడండి, ఒకరు వెళ్లినా ఒకరు ఉంటారు. నోట్‌బుక్ ఉంచుకునే మహిళ ఊరికి వెళ్తే సమావేశంలో అందరి ముందు ఇంకొకరికి అప్పగించాలి. ట్యాంకర్ వేళ, డీలర్ తెరిచే రోజులు, ఏ అర్జీ ఎక్కడ ఆగిందన్నది ఆ పుస్తకం చివరి పేజీలో రాసి ఉండాలి.

ఊరికి వెళ్లేవాళ్లకు బయల్దేరే వారం ముందు గల్లీ సమావేశంలో ఒక జాబితా ఇవ్వండి. పిల్లల టీసీ, కులధ్రువీకరణ పత్రం, పుట్టినతేదీ పత్రం, రేషన్ కార్డులో కొత్త కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు, కార్డుకు ఆధార్ జతచేయించడం, ఇవన్నీ సొంత మండలంలోనే తేలే పనులు. ఎవరు ఏం తేవాలో పేరు పక్కన రాసి, వాళ్ల ఊరి ఫోన్ నంబర్ తీసుకుని, మండల ఆఫీసు పనిచేసే రోజుల్లోనే ఊళ్లో ఉండేలా ప్రయాణం పెట్టుకోమనండి. పండుగ సెలవుల్లో వెళ్లి పండుగ సెలవుల్లోనే తిరిగొస్తే ఆ కాగితాలు ఇంకో ఏడాదికి పోతాయి.